విండోస్ 10 నుంచి ఎక్స్‌పీకి: పాత పేజ్‌మేకర్ ఫైళ్ళ కోసం ఒక కంప్యూటరు ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

తెనాలిలో మా బాబాయి నడిపిన డీటీపీ సెంటరు మూతపడి చాలా కాలమైంది. ఆయన కూర్చిన పుస్తకాలు, సంచికలు, శుభలేఖలు మాత్రం ఒక హార్డ్ డిస్కులో 312 పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరు) ఫైళ్ళుగా భద్రంగా ఉన్నాయి. భద్రంగా ఉన్నాయని ఇన్నాళ్ళూ అనుకున్నాము. పోయిన నెల ఒక గ్రామ గ్రంథాలయం వారు తమ 1999 నాటి వార్షికోత్సవ సంచికను మళ్ళీ అచ్చు వేయించాలని అడిగినప్పుడు నా ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు తెరవబోతే తెరుచుకోలేదు. దానిలోని పాఠాన్ని ఎలాగో బయటికి లాగితే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన వరుసలు కనిపించాయి. ఫైలు ఉన్నంత మాత్రాన పాఠం ఉన్నట్లు కాదని, దాన్ని చదవగలిగే యంత్రం కూడా ఉండాలని ఆ రోజు స్పష్టంగా తెలిసింది.

ఇలా జరగడానికి కారణం ఆ ఫైళ్ళు యూనికోడ్‌లో, అంటే ప్రతి లిపిలోని అక్షరానికీ తనదైన సంఖ్య ఇచ్చే పద్ధతిలో, లేకపోవడమే. అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరానికి తనదైన సంఖ్య ఉండదు. 256 గడులు మాత్రమే ఉన్న పట్టికలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తలకట్లు, గుడులు, ఒత్తులు, అక్షరాల ముక్కలు అమర్చి ఉంటాయి, వాటిని పక్కపక్కన పేర్చితే మన కంటికి తెలుగు కనిపిస్తుంది. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని ఇంగ్లీషు వరుస.

మన ప్రాంతంలో నేటికీ చాలా సెంటర్లు పేజ్‌మేకర్ 7.0ను విండోస్ 10 మీదే నడుపుతున్నాయని నాకు తెలుసు. 2001లో వచ్చిన 7.0 ఆ సాఫ్ట్‌వేరు చివరి వెర్షను, కొద్దిపాటి తిప్పలతో అది కొత్త కంప్యూటర్లలోనూ పనిచేస్తుంది. మా ఇబ్బంది వేరు. ఈ ఫైళ్ళలో ఎక్కువ భాగం 6.5లో చేసినవి, బాబాయి దగ్గరున్న పాత కీబోర్డు ప్రోగ్రాము 64 బిట్ విండోస్‌లో నిలబడడం లేదు. వీటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. పేజ్‌మేకర్ పేజీని కూర్చేటప్పుడు ఏ ప్రింటరు కోసం కూర్చుతున్నదో దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. డాక్యుమెంటు సెటప్‌లో ఆ ప్రింటరు పేరు నమోదై ఉంటుంది, దాన్ని మార్చితే పంక్తులు విరిగే చోట్లు మారే ప్రమాదం ఉంది. నూటయాభై పేజీల పుస్తకంలో మూడో పేజీలో ఒక మాట కింది వరుసకు జారితే ఆ జారుడు చివరి పేజీ దాకా పోతుంది. అందువల్ల నాటి ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్), నాటి సాఫ్ట్‌వేరు, నాటి ప్రింటరు మూడూ కలిసి ఉన్న యంత్రాన్ని తిరిగి నిలబెట్టాలని నిర్ణయించుకున్నాను. బాబాయి కంప్యూటరులో నడిచిన విండోస్ ఎక్స్‌పీని ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్ మెషీనుగా (కంప్యూటరు లోపల మరో కంప్యూటరుగా) నడపవచ్చు కదా అన్న ప్రశ్నకు కూడా జవాబు ఆ ప్రింటరే: బాబాయి ట్రేసింగ్ కాగితం మీద ప్రింట్లు తీసిన ఎ3 లేజర్ ప్రింటరుకు పారలల్ పోర్టు తప్ప మరొకటి లేదు, నా ల్యాప్‌టాప్‌కు ఆ పోర్టే లేదు.

మూడో రోజు

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల సగం రోజు తిరిగి, వాడిన డెల్ ఆప్టిప్లెక్స్ 780 ఒకటి 4,500 రూపాయలకు కొన్నాను. కోర్ 2 డ్యుయో ఇ8400 ప్రాసెసరు, వేగం 3 గిగాహెర్ట్జ్, 4 జీబీ ర్యామ్, 250 జీబీ హార్డ్ డిస్కు, లోపల విండోస్ 10. వెనుక 25 రంధ్రాల పారలల్ పోర్టు ఉందని కళ్ళారా చూశాకే డబ్బు చెల్లించాను. దీనికన్నా కొత్త యంత్రాలు అదే ధరకు ఒకటి రెండు కనిపించాయి గాని, అవి ఈ పనికి సరిపోవు. ఎక్స్‌పీ కోసం వాడిన కంప్యూటరు కొనేవారు మొదట చూడవలసింది వేగం కాదు, దాని చిప్‌సెట్‌కు (మదర్‌బోర్డు మీది భాగాలను కలిపే చిప్పులకు) తయారీదారు ఎక్స్‌పీ డ్రైవర్లు (పరికరాలను నడిపే ప్రోగ్రాములు) విడుదల చేశాడా లేదా అన్నది. ఇందులోని ఇంటెల్ క్యూ45 చిప్‌సెట్‌కు డిస్‌ప్లే, శబ్దం, నెట్‌వర్కు అన్నిటికీ అవి ఉన్నాయి.

ఇంటికి తెచ్చాక మూత తీసి దుమ్ము దులిపి, ప్రాసెసరు మీద ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది పూశాను. గడియారం ప్రతిసారీ వెనక్కి పోతున్నందున సీఆర్2032 బ్యాటరీ మార్చాను.

చెరిపే ముందు చేయవలసిన పనులు రెండు ఉన్నాయి, ఈ రెండూ తొందరలో వదిలేసేవే. మొదటిది, ఉన్న డిస్కు మొత్తానికి క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రాముతో ప్రతిబింబం (యథాతథ నకలు) తీసి బయటి డిస్కులో పెట్టుకోవడం. ప్రయత్నం విఫలమైతే విండోస్ 10తోనైనా యంత్రం పనికి రావాలి. రెండోది, డివైస్ మేనేజర్‌లో ఒక్కొక్క పరికరం హార్డ్‌వేర్ ఐడీని కాగితం మీద రాసుకోవడం. ఆ ఐడీలో తయారీదారు సంఖ్య ఒకటి, పరికరం సంఖ్య ఒకటి ఉంటాయి. 8086 అని ఉంటే అది ఇంటెల్‌ది. ఎక్స్‌పీ ఎక్కాక పసుపు ప్రశ్నార్థకంతో "తెలియని పరికరం" అని కనిపించేదాన్ని గుర్తుపట్టడానికి ఈ సంఖ్యలే ఆధారం.

నాలుగో రోజు

రోజంతా డ్రైవర్లు సేకరించాను. ఎక్స్‌పీ ఎక్కాక అక్కడి నుంచే దింపుకోవచ్చుననుకోవడం పెద్ద పొరపాటు. ఎక్స్‌పీలో గరిష్ఠంగా నడిచే ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్ 8కి టీఎల్‌ఎస్ 1.2 (వెబ్‌సైట్లతో భద్రంగా మాట్లాడే పద్ధతి) రాదు, కాబట్టి నేటి వెబ్‌సైట్లలో చాలా వరకు దానిలో తెరుచుకోవు. చిప్‌సెట్, డిస్‌ప్లే, శబ్దం డ్రైవర్లను ఒక సీడీలోకి ఎక్కించాను. నెట్‌వర్కు డ్రైవరు దింపలేదు, అందుకు కారణం తరువాత రాస్తాను.

లైసెన్సు విషయం కూడా ఈ రోజే తేల్చుకున్నాను. కేసు మీద విండోస్ 7 ప్రొఫెషనల్ స్టిక్కరు ఉంది. ప్రొఫెషనల్, అల్టిమేట్ కొన్నవారికి ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌కు దిగే హక్కును మైక్రోసాఫ్ట్ ఇచ్చింది, హోమ్ వెర్షన్లకు ఇవ్వలేదు. అయితే ఆ హక్కు ఉన్నా డిస్కు, కీ మనమే తెచ్చుకోవాలి. అదృష్టవశాత్తు బాబాయి దగ్గర పెట్టెతో సహా కొన్న ఎక్స్‌పీ ప్రొఫెషనల్ సర్వీస్ ప్యాక్ 2 డిస్కు ఉంది, దాన్ని ఎక్కించిన పాత కంప్యూటరు మదర్‌బోర్డు కెపాసిటర్లు ఉబ్బి ఎప్పుడో పోయింది. విడిగా కొన్న లైసెన్సును ఒక యంత్రం నుంచి తీసేసి మరొక యంత్రానికి మార్చుకోవచ్చు కనుక దాన్నే వాడుతున్నాను. ఎక్కడో దింపిన "ముందే యాక్టివేట్ చేసిన" డిస్కులు వాడవద్దని ఈ పని చేయబోయేవారిని గట్టిగా కోరుతున్నాను. భద్రతా సవరణలు ఆగిపోయిన ఓఎస్ మీద, లోపల ఏముందో తెలియని డిస్కుతో పని మొదలుపెట్టడం కన్నా పెద్ద తప్పు ఇందులో మరొకటి లేదు.

ఐదో రోజు

మొదటి ప్రయత్నం విఫలమైంది. సీడీ నుంచి సెటప్ మొదలై, నీలి తెర మీద డ్రైవర్లన్నీ ఎక్కించుకుని, "విండోస్‌ను ప్రారంభిస్తోంది" అన్న మాట దగ్గర ఆగి, స్టాప్ 7బి అన్న దోషం చూపించింది. బూట్ కావలసిన డిస్కు చేతికి అందలేదని దాని అర్థం. డిస్కు పాడైందేమోనని తీగలు ఊడదీసి పెట్టడంలో గంట గడిచింది. డిస్కుకు ఏ లోపమూ లేదు. బయోస్‌లో (ఓఎస్‌కు ముందే నడిచే మదర్‌బోర్డు అమరికల్లో) సాటా పద్ధతి, అంటే డిస్కుతో మాట్లాడే తీరు, ఏహెచ్‌సీఐ అని ఉంది, 2001 నాటి ఎక్స్‌పీకి ఏహెచ్‌సీఐ డ్రైవరు పుట్టుకతో లేదు.

దీనికి మార్గాలు మూడు. సెటప్ మొదట్లో ఎఫ్6 నొక్కి ఫ్లాపీలోని డ్రైవరు అందించడం ఒకటి, ఎన్‌లైట్ అనే ప్రోగ్రాముతో ఆ డ్రైవరును ముందుగానే సెటప్ డిస్కులో కలిపి కొత్త సీడీ రాసుకోవడం మరొకటి, బయోస్‌లోకి వెళ్ళి ఏటీఏ పద్ధతికి మార్చడం ఇంకొకటి. పెద్ద పెద్ద ఫైళ్ళను ఏకకాలంలో చదివే యంత్రమైతే రెండో మార్గమే ఉత్తమం. పేజ్‌మేకర్ ఫైళ్ళు పది ఎంబీ దాటడమే అరుదు, ఇక్కడ ఏహెచ్‌సీఐ వల్ల వచ్చే లాభం చేతికి తెలియదు. అందుకే ఏటీఏకు మార్చాను. ఈ మార్పు ఓఎస్ ఎక్కించక ముందే చేయాలి. ఎక్కించాక మారిస్తే అదే 7బి మళ్ళీ వస్తుంది.

రెండోసారి సెటప్ ముందుకు సాగింది గాని, ఫైళ్ళు కాపీ అవుతుండగా ఒక ఫైలు చదవలేకపోతున్నానని నిలిచిపోయింది. సీడీ మీద గీతలున్నాయి. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి, నా ల్యాప్‌టాప్‌కు తగిలించిన డ్రైవులో మూడు ప్రయత్నాల మీద దాని పూర్తి నకలు తీయగలిగాను. నకలు చేతికి వచ్చింది కదా అని, 2008లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 3ని (సవరణల మూటను) అందులోనే కలిపి, తక్కువ వేగంతో కొత్త సీడీ రాసుకున్నాను. వేగంగా రాసిన సీడీలను పాత డ్రైవులు సరిగా చదవకపోవడం నాకు ముందు నుంచీ అనుభవమే.

ఆరో రోజు

హార్డ్ డిస్కు బదులు 120 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేని చిప్పుల డిస్కు) పెట్టాలనుకున్నాను. ఇక్కడ ఎక్స్‌పీకి ఉన్న ఒక పాత అలవాటు గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే దీని ఫలితం తెరమీద ఎక్కడా కనిపించదు, యంత్రం మాత్రం నెమ్మదిస్తుంది, ఎస్ఎస్‌డీ త్వరగా అరుగుతుంది.

ఎక్స్‌పీ సెటప్ తానే పార్టిషను (డిస్కులో ఒక విభాగం) సృష్టిస్తే అది 63వ సెక్టారు దగ్గర మొదలవుతుంది. సెక్టారుకు 512 బైట్ల చొప్పున అది 32,256 బైట్ల దూరం. ఎక్స్‌పీ ఫైళ్ళు దాచే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి సాధారణంగా 4,096 బైట్ల గుచ్ఛాలుగా రాస్తుంది, ఎస్ఎస్‌డీ లోపలి పేజీలు కూడా 4,096కు గుణిజాలుగానే ఉంటాయి. 32,256ను 4,096తో భాగిస్తే 7.875 వస్తుంది. అంటే ఓఎస్ ఒక గుచ్ఛం రాసిన ప్రతిసారీ అది లోపల రెండు పేజీల మీదికి సాగుతుంది, ఒక పని రెండు పనులవుతుంది. విండోస్ విస్టా మొదలుకొని పార్టిషన్లు 1,048,576 బైట్ల దగ్గర మొదలవుతాయి. దాన్ని 4,096తో భాగిస్తే సరిగ్గా 256.

అందువల్ల ఎస్ఎస్‌డీని ముందుగా నా ల్యాప్‌టాప్‌కు తగిలించి, విండోస్‌లోని డిస్క్‌పార్ట్ ప్రోగ్రాముతో 90 జీబీ పార్టిషను ఒకటి సృష్టించి, దాన్ని యాక్టివ్‌గా గుర్తించాను. మిగిలిన స్థలాన్ని కావాలనే ఖాళీగా వదిలాను. చెరిపిన ఫైళ్ళ జాగా ఏదో ఎస్ఎస్‌డీకి తెలియజేసే ట్రిమ్ ఆదేశం ఎక్స్‌పీకి తెలియదు, ఎన్నడూ తాకని ఆ ఖాళీ స్థలం ఎస్ఎస్‌డీ తన సర్దుబాట్లకు వాడుకుంటుంది. సెటప్ తెరలో ఆ పార్టిషను కనిపించినప్పుడు దాన్ని చెరిపి మళ్ళీ సృష్టించకూడదు, అలా చేస్తే తిరిగి 63వ సెక్టారే వస్తుంది. ఉన్నదాన్నే ఎంచుకుని ఫార్మాట్ మాత్రం చేయాలి. నేను అలాగే చేశాను.

ఆ తరువాత అంతా ఎరిగిన దారే. "39 నిమిషాలు మిగిలి ఉన్నాయి" అన్న పాత మాటతో మొదలైన రెండో దశ అందులో సగం సమయం కూడా తీసుకోలేదు. పచ్చని కొండ, నీలాకాశం ఉన్న ఆ తెర రాగానే పక్క గదిలో ఉన్న బాబాయిని పిలిచాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, కీబోర్డు మీద చేతులు పెట్టి, "ఇదిరా మన కంప్యూటరు" అన్నారు.

యాక్టివేషన్ ఫోను ద్వారా పూర్తయింది. తెరమీది సంఖ్యను విడతలుగా చెబితే అటునుంచి 42 అంకెలు చెప్పారు, వాటిని ఏడు పెట్టెల్లో నింపాను. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో పార్టిషను ఆరంభం 1,048,576 అనే చూపించింది. ర్యామ్ మాత్రం 4 జీబీకి తక్కువగా కనిపించింది. ఇది లోపం కాదు. 32 బిట్ ఓఎస్‌కు అందే చిరునామాలు మొత్తం 4 జీబీ మేరకే, వాటిలో కొన్ని డిస్‌ప్లే వంటి పరికరాలకు పోతాయి.

ఎనిమిదో రోజు

డ్రైవర్లలో ముందు చిప్‌సెట్, తరువాత డిస్‌ప్లే, ఆపైన శబ్దం. ఈ క్రమం పాటిస్తే మిగిలినవి ఇబ్బంది పెట్టవు. నెట్‌వర్కును బయోస్‌లోనే మూసేశాను. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. 2017 మే నెలలో, ఫైళ్ళు బంధించి డబ్బు అడిగే వానాక్రై దాడి జరిగినప్పుడు ఎక్స్‌పీకి కూడా ప్రత్యేకంగా ఒక సవరణ విడుదల చేశారు గాని, అలాంటి దయ మీద ఆధారపడి యంత్రాన్ని నెట్‌కు కలపడం సరికాదు. ఈ కంప్యూటరు ఉన్నది నాటి ఫైళ్ళు తెరవడానికి, నాటి ప్రింటరుకు పంపడానికి. ఈ రెండు పనులకూ నెట్ అవసరం లేదు.

తీగ లేకపోయినా పెన్‌డ్రైవ్ అనే తలుపు తెరిచే ఉంటుంది. 2008లో బయటపడిన కాన్ఫికర్ అనే హానికర ప్రోగ్రాము ఆటోరన్ (పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రామును నడిపే సదుపాయం) ద్వారా పెన్‌డ్రైవుల మీద ఎక్కి ఊరూరా తిరిగింది. అప్పట్లో మన డీటీపీ సెంటర్లలో ఒకరి పెన్‌డ్రైవ్ మరొకరి కంప్యూటరుకు పెట్టని రోజు ఉండేది కాదు. అందుకే ఆటోరన్‌ను పూర్తిగా ఆపివేసి, ఈ యంత్రం కోసమే ఒక పెన్‌డ్రైవ్‌ను కేటాయించి, దానికి ఎర్ర దారం కట్టాను. నా దగ్గరున్న 64 జీబీ పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌పీ గుర్తించలేదు. అది ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంది, ఎక్స్‌పీకి ప్రత్యేక అప్‌డేట్ వేస్తే తప్ప అది అర్థం కాదు. చిన్న పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి వాడుతున్నాను.

రీజనల్ ఆప్షన్లలో రెండు అమరికలు చూసుకోవాలి. సంక్లిష్ట లిపుల ఫైళ్ళను ఎక్కించే గడిలో టిక్కు పెడితే ఎక్స్‌పీతో వచ్చే గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగు సవ్యంగా కనిపిస్తుంది. యూనికోడ్ కాని ప్రోగ్రాముల భాష మాత్రం అమెరికా ఇంగ్లీషుగానే ఉండాలి. పాత తెలుగు ఫాంట్లు అక్షరాల ముక్కలను ఆ పట్టిక స్థానాల్లోనే దాచుకున్నాయి. అక్కడ మరొక భాష ఎంచుకుంటే పట్టిక మారి కొన్ని ఒత్తులు, గుడులు మాయమవుతాయి.

పదో రోజు

పేజ్‌మేకర్ 6.5, అను ఫాంట్లు, కీబోర్డు ప్రోగ్రాము ఎక్కాయి. ప్రింటరు దగ్గర సగం పూట పట్టింది. విండోస్‌లో ప్రింటరు సరిగానే కనిపిస్తున్నా పేజ్‌మేకర్ ప్రింట్ పెట్టెలో దాని పేరు రాలేదు. పేజ్‌మేకర్ తన సొంత ఫోల్డరులో, పీపీడీ4 అన్న చోట ఉన్న వివరణ ఫైళ్ళనే చూస్తుందని గుర్తొచ్చి, ప్రింటరు వివరణ ఫైలును (పీపీడీ) అక్కడికి కాపీ చేశాను. పేరు వచ్చింది. మొదటి కాగితం మీద అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులు పడ్డాయి. బయోస్‌లో పారలల్ పోర్టు పద్ధతిని ఈసీపీకి మార్చాక శుభ్రంగా వచ్చింది.

అప్పుడు 1999 సంచిక తెరిచాము. ముఖపత్రం మీది శీర్షిక, లోపలి సంపాదకీయం, దాతల జాబితా అన్నీ యథాతథంగా ఉన్నాయి. బాబాయి అచ్చు ప్రతిని పక్కన పెట్టుకుని ప్రతి పేజీ చివరి పంక్తిని వేలితో చూపుతూ సరిచూశారు. "జరగలేదుగా?" అని మూడుసార్లు అడిగారు. 84 పేజీల్లో ఒక్క పంక్తీ జరగలేదు.

పన్నెండో రోజు

ఒక్క సంచిక తెరిచి ఆగిపోతే ఈ శ్రమకు అర్థం ఉండదు. ఈ యంత్రం కూడా ఒకనాడు ఆగిపోతుంది కనుక, అది పనిచేస్తున్నప్పుడే ఫైళ్ళన్నిటినీ బయటికి తీసుకురావాలి. ప్రతి ఫైలునూ పేజ్‌మేకర్ నుంచి పోస్ట్‌స్క్రిప్ట్‌గా (ప్రింటరుకు పేజీని వివరించే భాషలో) రాయించి, ల్యాప్‌టాప్‌లో ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాముతో పీడీఎఫ్‌గా మారుస్తున్నాను. మొదటి ఫైలులో తెలుగు అంతా టైపు మిషను ఇంగ్లీషుగా వచ్చింది. ప్రింట్ ఆప్షన్లలో ఫాంట్లను కూడా కలపమని చెప్పకపోవడమే కారణం. పోస్ట్‌స్క్రిప్ట్, ట్రూటైప్ ఫాంట్లు రెండిటినీ కలపమన్నాక సరిపోయింది.

పీడీఎఫ్ వల్ల పేజీ రూపం నిలుస్తుంది గాని పాఠం నిలవదు. అందులో "గ్రంథాలయం" అని వెతికితే దొరకదు, లోపల ఉన్నది ఇంకా ఆ పాత ముక్కలే. కాబట్టి ప్రతి ఫైలు నుంచి పాఠాన్ని విడిగా తీసి యూనికోడ్‌లోకి మార్చే పని వేరుగా మొదలుపెట్టాను. మార్పిడి ప్రోగ్రాములు ఒత్తుల దగ్గర, ముఖ్యంగా రావత్తు దగ్గర తరచు తప్పుతాయి. పాత ఫాంట్లలో రావత్తు ముక్కను అక్షరానికి ముందే టైపు చేసి ఉండడం వల్ల, దాన్ని వెనక్కి జరిపి సరైన హల్లుకు చేర్చవలసి వస్తుంది. మనిషి కన్ను తప్పనిసరి. బాబాయి రోజుకు ఎనిమిది పేజీల చొప్పున దిద్దుతున్నారు.

ఇరవయ్యో రోజు

పూర్తయిన ఎక్స్‌పీకి క్లోన్‌జిల్లాతో ప్రతిబింబం తీసి రెండు డిస్కుల్లో పెట్టాను. ఒక ప్రతిబింబాన్ని పాత 250 జీబీ హార్డ్ డిస్కు మీదికి ఎక్కించి, అది బూట్ అవుతోందని చూసుకున్నాకే పక్కన పెట్టాను. తిరిగి ఎక్కించి చూడని ప్రతిని నేను బ్యాకప్‌గా లెక్కించను.

312 ఫైళ్ళలో ఇప్పటికి 140 పీడీఎఫ్‌లుగా బయటికి వచ్చాయి. 19 ఫైళ్ళలో బొమ్మల స్థానంలో బూడిదరంగు గడులే ఉన్నాయి. టిఫ్ అనే బొమ్మల ఫైళ్ళను పేజ్‌మేకర్ ఫైలులో కలపకుండా లింకుగా ఉంచడం వల్ల, అసలు బొమ్మలు వేరే చోట ఉండిపోయాయి. బాబాయి అటక మీది ఇనప్పెట్టెలో మూడు డజన్ల ఫ్లాపీలు ఉన్నాయని, స్కాన్ చేసిన ఫొటోలు వాటిలో ఉండవచ్చునని నిన్న చెప్పారు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు తెప్పించాను. మొదటి పది ఫ్లాపీల్లో ఏడు చదవగలిగాము, గ్రంథాలయ సంస్థాపకుల ఫొటో నాలుగోదానిలో దొరికింది. దాన్ని సంచిక ఆరో పేజీలోని గడికి లింకు చేసి ట్రేసింగ్ ప్రింటు తీశాము. మిగిలిన ఫ్లాపీలు రేపు చూడాలి.